ముట్లుడిగినా పోని అంటు

తెలుగులో ముట్టు అంటే తాకడం. ముట్టు అంటే నెలసరి కూడా. తాకకూడని రోజులకు తాకడం అనే మాటనే పేరుగా పెట్టారు. అంటు సంగతీ అంతే. అంటుకోవడం అంటే తగలడం, అంటు అంటే మైల, అంటరానివాళ్లు అంటే మనం. పెద్ద కులాల ఇళ్లల్లో నెలసరి వచ్చిన ఆడమనిషిని 'బయట చేరింది' అంటారు, 'దూరంగా ఉంది' అంటారు. మన పేటలకు పాత పుస్తకాలు పెట్టిన పేరు వెలివాడ. వెలి అన్నా బయటే. ఆమె నెలకు మూడు రోజులు బయట. మనం పుట్టినప్పటి నుంచి బయట.

మాటల దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ భాగంలో రాస్తున్నది ముట్లు ఆగిపోయే వయసు గురించి. డాక్టర్లు మెనోపాజ్ అంటారు, పత్రికలు రుతువిరతి అని రాస్తాయి, మన ఆడవాళ్లు 'ముట్లుడిగినాయి', 'నిలిచిపోయినాయి' అంటారు. ఆ వయసులో మనసు కలత పడితే మందుబిళ్ల లేకుండా నిలబెట్టుకోవడానికి ఎవరెవరు ఏం చేశారు, అందులో మనకు అందిందేమిటి అన్నది నా ప్రశ్న. తెలుగు సాహిత్యం మీద పీహెచ్‌డీ చేసినదాన్ని కాబట్టి ముందు పుస్తకాల్లోనే వెతికాను. పిల్ల పెద్దమనిషి అయితే పాటలున్నాయి, పేరంటం ఉంది, చిమ్మిలి ఉండలున్నాయి. ముట్లుడిగినప్పుడు పాడిన పాట ఒక్కటి కూడా నాకు ఎదురుపడలేదు. కాబట్టి ఈ చరిత్రను సాహిత్యం బయటే వెతుక్కోవాల్సి వచ్చింది.

పరాశర స్మృతిలో ఒక లెక్క ఉంది. ముట్టయిన ఆడది మొదటి రోజు చండాలి, రెండో రోజు బ్రహ్మహత్య చేసినది, మూడో రోజు రజకి, నాలుగో రోజు శుద్ధి. ఇది పై కులాల స్త్రీ కోసం రాసిన లెక్క. ఆమె ఎంత మైలపడిందో చెప్పడానికి రాసినవాడికి దొరికిన కొలబద్ద మన ఇంటి ఆడది, చాకలి ఇంటి ఆడది. తైత్తిరీయ సంహితలో ఇంకో కథ ఉంది. ఇంద్రుడు విశ్వరూపుణ్ణి చంపితే అంటిన బ్రహ్మహత్యా పాపంలో మూడో వంతును ఆడవాళ్లు తీసుకున్నారని, అదే నెలనెలా బయటపడుతుందని. హత్య చేసింది ఇంద్రుడు, మోసేది ఆడవాళ్లు. ఆడవాళ్లందరి మీదా వేసిన ఈ బరువులో పై కులాల స్త్రీకి ఒక ముగింపు రాసిపెట్టారు.

ఆ ముగింపే ముట్లుడగడం. అప్పటి నుంచి ఆమె నెలంతా దేవుడి గదిలోకి పోవచ్చు, మడి కట్టుకోవచ్చు, ఊరగాయ జాడీ ముట్టుకోవచ్చు. ఋషి పంచమి వ్రతం ఉంది. ముట్టు రోజుల్లో తెలిసీ తెలియక చేసిన 'తప్పులు' పోవడానికి భాద్రపద శుద్ధ పంచమి నాడు చేసే వ్రతం అది. చాలామంది ముట్లుడిగాక ఉద్యాపన చేసుకుని ముగిస్తారు. నేను దీన్ని ఎగతాళి చేయను. బతుకులో ఒక దశ అయిపోయిందని నలుగురిలో చెప్పుకోవడానికి ఒక రోజు, ఒక పేరు, ఒక పంక్తి భోజనం దొరకడం మనసుకు చిన్న సాయం కాదు. కాకపోతే ముందు పాపం అంటగట్టి, ముప్పై ఏళ్ల తర్వాత కడిగి, అదే ఓదార్పు అన్నారు.

మరి పుట్టుకతోనే చండాలి అని రాయించుకున్నదానికి నాలుగో రోజు ఎప్పుడు? ఆమెకు ముట్లుడిగినా అంటు పోదు. పోయేది రక్తం మాత్రమే.

ఈ తేడాను చూడకపోవడం వల్ల పెద్ద పెద్ద పరిశోధనలే పక్కదారి పట్టాయి. అమెరికా మానవశాస్త్రవేత్త మార్షా ఫ్లింట్ 1975లో ఒక వ్యాసం అచ్చువేసింది. రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలో 483 మంది రాజ్‌పుత్ స్త్రీలతో మాట్లాడితే, ముట్లు ఆగాక వాళ్లలో దిగులు గానీ, కళ్లు తిరగడం గానీ, మంచం పట్టడం గానీ దాదాపు కనిపించలేదని రాసింది. కారణం కూడా చెప్పింది. అంతవరకు పరదాలో ఉన్న ఆడవాళ్లు ముట్లుడిగాక బయటికి వచ్చి మగవాళ్లతో కలిసి కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, నవ్వవచ్చు. ముట్లుడగడం బహుమానమా, శిక్షా అని ఆ వ్యాసానికి పేరు. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడ మెనోపాజ్ గురించి రాసినా, భారతదేశంలో వయసు మళ్లిన స్త్రీకి గౌరవం ఎక్కువ కాబట్టి బాధలు తక్కువ అని ఒక వాక్యం తగిలించడం అలవాటైంది. రాజ్‌పుత్ అనే మాట పోయి భారతదేశం అనే మాట మిగిలింది.

పరదా ఉన్నదానికే పరదా తీయడం బహుమానం. మా అవ్వకు పరదా ఎప్పుడూ లేదు. మబ్బుతో లేచి కంపకట్టెలకు పోయింది, వేరుశనగ చేలల్లో కలుపు తీసింది, రెడ్ల కళ్లాల్లో మగవాళ్ల పక్కనే పనిచేసింది. ముట్లున్నప్పుడూ అంతే, ఉడిగాకా అంతే. ఆమెకు కొత్తగా తెరుచుకున్న తలుపు ఒక్కటీ లేదు. పైగా ఒంట్లో సత్తువ తగ్గితే కూలి తగ్గుతుంది. కూలి తగ్గితే ఇంట్లో మాట తగ్గుతుంది. ఫ్లింట్ సూత్రం తప్పని నేను అనడం లేదు. హోదా పెరిగితే మనసు తేలికపడుతుంది అన్నది నిజమే అయితే, హోదా పెరగని చోట ఏమవుతుందో ఆ సూత్రమే చెబుతోంది. ఆ రెండో సగాన్ని ఎవరూ చదవలేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బెంగళూరు రైలు మార్గంలో వరుసగా వచ్చే ఊళ్లు. మూడింటిలోనూ ఆడవాళ్ల పని వేడితోనో, దుమ్ముతోనో ముడిపడింది. హిందూపురం వైపు పట్టుగూళ్ల రీలింగ్ ఉంది. సలసలలాడే నీళ్లలో గూళ్లు ఉడకేసి పోగు అందుకోవాలి. ధర్మవరంలో మగ్గం మీద పేరు మగవాడిది, కండెలు చుట్టేది ఆడది. పెనుకొండ చుట్టుపక్కల కొండ కింది పల్లెల్లో ఉపాధి పని, చెరువు మట్టి, ఇప్పుడు కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీల్లో ఊడ్చే పని. నా విద్యార్థినుల తల్లులతో, మా బంధువుల ఆడవాళ్లతో రెండేళ్లుగా ఈ సంగతి మాట్లాడుతున్నాను. మెనోపాజ్ అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. 'అక్కా, ముట్లుడిగే టైములో మనసు ఎట్లుంటాది?' అంటే గంటసేపు మాట్లాడతారు. ఒళ్లంతా ఉడుకు, గుండె దడ, నిద్ర రాదు, ఊరికే ఏడుపొస్తాది, బిడ్డల మీద అరుస్తా, మనేద పట్టుకుంది. రీలింగ్ పనిచేసే ఒకామె అన్న మాట మాత్రం మరచిపోలేను. 'ఉడుకు నీళ్లదో నా ఒంటిదో నాకే తెలీదమ్మా. సాయంత్రం ఇంటికొచ్చినాక కూడా తగ్గకపోతే అప్పుడు తెలుస్తాది, అది నాదే అని.'

మనేద అనే ఆ మాటను గుర్తుపెట్టుకోండి. తర్వాత దానితో పని ఉంది.

మందులు లేని కాలంలో మన ఆడవాళ్లు ఈ మనేదను ఎక్కడ దించుకున్నారు? నాకు కనిపించినవి మూడు చోట్లు. మొదటిది చావు ఇల్లు. మన పేటల్లో ఆడవాళ్లు శవం పక్కన వర్ణించి ఏడుస్తారు. చచ్చినవాడి పేరు మీద మొదలైన ఏడుపు కాసేపటికి తన మొగుడి మీదికి, అత్త మీదికి, కూలి ఎగ్గొట్టిన ఆసామి మీదికి పోతుంది. ఎవరూ ఆపరు, చుట్టూ ఉన్నవాళ్లు పట్టుకుని కూర్చుంటారు. నడివయసు దాటిన ఆడవాళ్లే ఇందులో ముందుంటారు. సాహిత్య విద్యార్థులు దీన్ని శోకగీతం అని ఒక గడిలో పెట్టి వదిలేశారు.

రెండోది పూనకం. మాదిగల్లో మాతంగి సంప్రదాయాన్ని ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చయిన తన దక్షిణ భారత కులాల గ్రంథంలో వివరంగా రాశాడు. అమ్మవారు పూనిన మాదిగ స్త్రీ పై కులాల వాళ్ల మీద ఉమ్ముతుంది, వాళ్లను తిడుతుంది, వాళ్లు తలవంచి నిలబడతారు. తాకరాని మనిషి ఉమ్మి ఆ ఒక్క రోజు పవిత్రం. ఇదే వ్యవస్థ ఆ స్త్రీని పెళ్లికి దూరం చేసి ఊరి మగవాళ్లకు అందుబాటులో పెట్టింది. జోగిని, బసివి ఆచారాలను నిషేధించడానికి 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. కాబట్టి మాతంగి తిట్టు మన వైద్యం అని గర్వంగా చెప్పుకునే మిత్రులతో నాకు పేచీ ఉంది. కోపానికి ఏడాదికి ఒక రోజు సెలవిచ్చి మిగిలిన రోజులు నోరు మూయించడం అది.

మూడోది దర్గా. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గాను హిందువులూ ముస్లింలూ బాబయ్య అనే పిలుస్తారు. గాలి సోకిందని, దిగులు పట్టిందని ఆడవాళ్లను అక్కడికి తీసుకొస్తారు. ఆ ఆవరణలో కులం అడగరు, జుట్టు విరబోసుకుని అరిచినా ఎవరూ నవ్వరు, రాత్రి అక్కడే పడుకోవచ్చు. ఇంటిపని లేని రెండు రాత్రుల నిద్ర దొరకడమే సగం మేలు చేసి ఉంటుందని నా అంచనా. అయితే దర్గాల చుట్టూ జరిగేదంతా ఓదార్పే అనుకోవద్దు. తమిళనాడు ఏర్వాడిలో దర్గా పక్కన నడిచిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్నందుకు 28 మంది రోగులు కాలిపోయారు.

ఈ మూడు చోట్లా మనిషి చెప్పుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు వింటారు. మన దగ్గరికి ఆసుపత్రి వచ్చాక ఆ వినడం పోయింది. వచ్చింది కత్తి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 లెక్క ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్లవే. ఆపరేషన్ అయిన మధ్యస్థ వయసు 34 ఏళ్లు. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. సహజంగా ముట్లుడిగే వయసు మన దేశంలో సుమారు 46, 47. సుశ్రుతుడు యాభై అని రాశాడు. మన పేటల్లో దాన్ని పన్నెండేళ్లు ముందుకు తెచ్చారు. పదహారుకు పెళ్లి, ఇరవై మూడుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ముప్పై నాలుగుకు గర్భసంచి. ఆమె ఒంటితో రాష్ట్రానికి పని అయిపోయింది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. ఆ పథకం గుండె ఆపరేషన్లకు చేసిన మేలు నాకు తెలుసు, కాదనను. కానీ కార్డు ఉంటే కోత ఉచితం, మాట ఉచితం కాదు. అరగంట కూర్చుని 'నీకు నిద్ర ఎట్లుంది, ఇంట్లో ఎట్లుంది' అని అడిగే డాక్టరుకు ఏ ప్యాకేజీ కిందా బిల్లు రాదు. గర్భసంచి ఆపరేషన్లు ఎంత పెరిగాయంటే, కొన్నేళ్లకే వాటిని ప్రైవేటు నుంచి తప్పించి సర్కారు ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ 2009లోనే మెదక్ జిల్లా పల్లెల ఆడవాళ్ల మధ్య పరిశోధించి ఈ అనవసరపు ఆపరేషన్లను బయటపెట్టారు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల సంగతిపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. పేద, దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్లే ఎక్కువగా బలయ్యారన్నది ఆ పిటిషన్ వాదన. మూడు నెలల్లో మార్గదర్శకాలు అమలు చేయమని కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

మా పెద్దమ్మకు 33 ఏళ్లకు తీసేశారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అక్కరలేదు. తెల్లబట్ట అవుతోందని పోయింది. అట్లే వదిలేస్తే కేన్సర్ అవుతుందన్నారు. రెండు గొర్రెలు అమ్మి కట్టారు. ఏడాది తిరగకముందే అర్ధరాత్రి లేచి వాకిట్లో కూర్చునేది, చెమటతో తడిసిపోయి, ఏడుస్తూ. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడగడం నాలుగైదేళ్లలో మెల్లగా కాకుండా ఒక్క రోజులో జరుగుతుంది. వాటిని ఉంచినా మామూలు కంటే ముందే వస్తుంది. మనసు మీద, ఎముకల మీద, గుండె మీద ఆ దెబ్బ పడుతుంది. ఈ మాట ఆపరేషన్‌కు ముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తెల్లబట్ట గురించి ఒక్క మాట. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2005 ప్రాంతంలో చేసిన సర్వేలో, తెల్లబట్ట అని చెప్పుకునే ఆడవాళ్లలో ఆ బాధకు ఇన్ఫెక్షన్ కంటే దిగులు, అలసట, ఇంటి కష్టాలతోనే గట్టి సంబంధం కనిపించింది. అంటే ఆమె చెప్పుకోవడానికి వచ్చింది మనేద. చెప్పడానికి దొరికిన భాష ఒంటి భాష. ఎదురుగా కూర్చున్నవాడు ఆ భాషను గర్భసంచి అని అనువాదం చేశాడు.

పాశ్చాత్య దేశాల్లో ఏమీ గొప్పగా జరగలేదు. మెనోపాజ్ అనే మాటను 1821లో ఫ్రెంచ్ వైద్యుడు గార్డాన్ పుట్టించాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ వయసు ఆడవాళ్ల దిగులును పిచ్చిలో ఒక రకంగా జమకట్టి ఆశ్రమాల్లో పెట్టారు. ముదిమి మొదట్లో వచ్చే విషాదం అని దానికి వేసిన ప్రత్యేక ముద్రను అమెరికా మానసిక వైద్యుల పట్టిక నుంచి 1980లో గానీ తీసేయలేదు. ఈలోగా హార్మోన్ బిళ్ల వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ముట్లుడిగిన ఆడది కుళ్లిపోతుందని, హార్మోన్ మింగితే ఎప్పటికీ ఆడదిగా ఉంటుందని ఒక పుస్తకం రాస్తే లక్షల్లో అమ్ముడుపోయింది. మందు కంపెనీ సొమ్ము అతనికి అందిందని తర్వాత బయటపడింది. 2002 జులైలో 16,608 మంది ఆడవాళ్లతో జరుగుతున్న అమెరికా పరీక్షను రొమ్ము కేన్సర్, గుండె జబ్బు భయంతో మధ్యలోనే ఆపేశారు. ఆ భయం కొంత ఎక్కువ చేసి చెప్పిందేనని, ముట్లు ఆగిన తొలి ఏళ్లలో కొందరికి హార్మోన్ మేలేనని ఇప్పుడు అంటున్నారు. ఏమైనా, మందు లేని దారుల మీద గట్టి పరిశోధన ఊపందుకున్నది ఆ 2002 తర్వాతే.

అందులో గట్టిగా నిలిచింది మాటల వైద్యం. ఆలోచనను, దాని వెంట వచ్చే నడతను పట్టి చూసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. లండన్‌లో మైరా హంటర్ బృందం 2012లో రెండు పరీక్షల ఫలితాలు అచ్చువేసింది. రెండో దానిలో 140 మంది. ఆడవాళ్లు గుంపుగా కూర్చుని వారానికి రెండు గంటల చొప్పున నాలుగు వారాలు మాట్లాడుకున్నారు, కొందరికి ఇంట్లో చదువుకునే చిన్న పుస్తకం ఇచ్చారు. ఉడుకు పొంగులు పెద్దగా తగ్గకపోయినా అవి పెట్టే బాధ తగ్గింది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య మార్గదర్శకాల్లో 2015 నుంచి ఈ వయసు దిగులుకు దీని పేరు ఉంది. ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం 2023లో మందు లేని దారులన్నింటినీ జల్లెడపట్టి, ఉడుకు పొంగులకు ఈ మాటల వైద్యాన్ని, వైద్యులు చేసే హిప్నాసిస్‌ను సిఫారసు చేసింది. యోగా, వ్యాయామం, లెక్కపెట్టి పీల్చే ఊపిరి ఉడుకును తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం లేదంది.

యోగా గురించి ఆ మాట వినగానే కొందరు మిత్రులు చప్పట్లు కొడతారని తెలుసు. ఆగండి. మన హిందూపురానికి దగ్గర్లోనే, బెంగళూరు స్వామి వివేకానంద యోగ సంస్థ వాళ్లు 120 మంది ఆడవాళ్లతో ఎనిమిది వారాల పరీక్ష చేసి 2008లో అచ్చువేశారు. యోగా చేసినవాళ్లకు ఒత్తిడి, ఏకాగ్రత విషయంలో మేలు కనిపించింది. ఉడుకుకు ఆధారం చాలకపోయినా మనసుకు కొంత ఉంది. నడకకూ అంతే. నా అభ్యంతరం ఆసనం మీద కాదు. పదెకరాల చేలో వంగి లేచిన నడుముకు సాయంత్రం ఇంకో వంగుడు వ్యాయామం అని చెప్పడం మీద. ఏడాదికొకసారి జూన్ 21న చాపలు పరిచి ఫొటోలు తీసుకుని, ఆ మర్నాడు అదే ఆడవాళ్ల పని చోట కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, కూర్చోవడానికి నీడ లేదు అంటే వినకపోవడం మీద.

మాటల వైద్యంతో కూడా నాకు ఒక పేచీ ఉంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. ఆ వైద్యం ఇలా నడుస్తుంది. ఉన్నట్టుండి చెమట పట్టింది. 'అందరూ నన్నే చూస్తున్నారు, అసహ్యించుకుంటున్నారు' అనే ఆలోచన వస్తుంది. గుండె దడ పెరుగుతుంది, ఉడుకు ఇంకా ఎక్కువవుతుంది. కౌన్సెలర్ అడుగుతుంది: 'నిజంగా అసహ్యించుకుంటున్నారా? ఆధారం ఏముంది?' లండన్‌లో ఆఫీసు పని చేసే స్త్రీ ఆలోచించి, లేదు, ఎవరూ గమనించలేదు అంటుంది. తేలికపడుతుంది. ఇదే ప్రశ్న హిందూపురం దగ్గర బట్టలు కుట్టే షెడ్డులో మన అక్కను అడగండి. ఆధారం ఉంది అంటుంది. పోయిన వారమే పక్క మిషన్ ఆమె ముక్కు మూసుకుని కుర్చీ జరుపుకుంది. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే లేచి పోయింది. మన అక్క భయం ఆలోచనలో దొర్లిన పొరపాటు కాదు, ఆమె చూసిన సత్యం.

అలాగని ఆ వైద్యాన్ని పారేయమనడం లేదు. అందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి, నీ ఒంట్లో జరుగుతున్నదేమిటో తెలుసుకోవడం. 'నాకు పిచ్చి పట్టడం లేదు, గుండె ఆగిపోవడం లేదు, ఇది రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది' అని తెలిస్తే దడ నిజంగానే తగ్గుతుంది. ఇది ఎవరికైనా పనిచేస్తుంది. రెండోది, ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో పరీక్షించి చూడటం. మన దగ్గర దీన్ని తిరగరాయాలి. ఆధారం లేని భయానికి ఓదార్పు కావాలి. ఆధారం ఉన్న భయానికి పక్కన నలుగురు కావాలి, అవసరమైతే అట్రాసిటీ కేసు కావాలి.

నలుగురు అన్న మాట దగ్గర జింబాబ్వే గుర్తొస్తుంది. 2006లో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు హరారే నగరంలోని ఎంబారే పేటలో 14 మంది అవ్వలకు తర్ఫీదు ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెక్క బల్లల మీద కూర్చోబెట్టాడు. పెద్ద చదువులు లేని అవ్వలు. వచ్చినవాళ్ల కష్టం వింటారు, అందులో ఒక్క ముడిని ఎంచుకుని ఎట్లా విప్పాలో కలిసి ఆలోచిస్తారు. 573 మందితో జరిపిన పరీక్షలో మామూలు చికిత్స కంటే అవ్వల బల్ల ఎక్కువ మేలు చేసిందని 2016లో తేలింది. డిప్రెషన్ అనే మాట వాళ్లు వాడలేదు. షోనా భాషలో కుఫుంగిసిసా అంటారు, అతిగా ఆలోచించడం అని. అది మన మనేదకు వరసకు అక్క అవుతుంది.

ఇక్కడ బల్లలు లేవని కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ దళిత వాడల్లో ఆడవాళ్ల సంఘాలు కట్టింది. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో 2000లో వాళ్ల ఆసుపత్రి వచ్చింది. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఆడవాళ్ల పొదుపు సంఘాలను నడిపింది. మన పొరుగున బళ్లారిలో 1980లలో నిమ్హాన్స్ వాళ్లు, మనసు బాధలను పల్లె ఆరోగ్య కేంద్రంలోనే చూడవచ్చని చేసి చూపించారు. దేశమంతా నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో ఆ నమూనా మీదే పుట్టింది. హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన 1991లోనే 'సవాలక్ష సందేహాలు' అని ఆడవాళ్ల ఆరోగ్యం మీద తెలుగు పుస్తకం తెచ్చింది. అక్షరాస్యత రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లే 1990ల మొదట్లో సారాను తరిమారు. అంటే కూర్చోవడం మనకు తెలుసు. తర్వాత ఆ కూర్చోవడంలోకి అప్పు వచ్చింది. మైక్రోఫైనాన్స్ వేధింపులు ఎంత ముదిరాయో 2010 అక్టోబరులో ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సే చెబుతుంది. ఇప్పుడు సంఘం అంటే కంతు. పుస్తకం తెరుస్తారు, కంతు కడతారు, పుస్తకం మూస్తారు.

మందు వద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు. చచ్చిపోవాలనిపిస్తున్నా, వారాల తరబడి తిండీ నిద్రా పోయినా డాక్టరు కావాలి, మందు కూడా అవసరం కావచ్చు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. ముట్లు ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనిపిస్తే సిగ్గుపడకుండా పరీక్ష చేయించుకోవాలి. అది మాటలతో పోయేది కాదు.

ఈ సంక్రాంతి సెలవుల్లో ధర్మవరం దగ్గర మన కాలనీ ఒకదానిలో సంఘం కూర్చున్నప్పుడు నేనూ కూర్చున్నాను. కంతులు అయ్యాక అరగంట ఉండమని అడిగితే పదకొండు మంది ఉన్నారు. ఆరుగురికి గర్భసంచి లేదు. ఎవరికెవరికి లేదో ఒకరికొకరికి తెలియదు, ఒకే వీధిలో ఇరవై ఏళ్లుగా ఉన్నారు. చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. చివరికి రెండు విషయాలు అనుకున్నారు. ఎవరికైనా గర్భసంచి తీయాలంటే, సంఘం నుంచి ఇద్దరు వెంట పోయి సర్కారు ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించాకే ఒప్పుకోవాలి. ప్రతి నెలా కంతు తర్వాత అరగంట కూర్చోవాలి, ఆ అరగంటలో డబ్బు మాట రాకూడదు. తీర్మానాల పుస్తకంలో రాయమన్నారు. రాసే అమ్మాయి ఇంటర్ చదివింది. అచ్చేసిన శీర్షికలు పొదుపు, అప్పు, వడ్డీ, జరిమానా. ఏ శీర్షిక కింద రాయాలో తెలియక కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తర్వాత పేజీ చివర గీత గీసి 'ఇతర విషయములు' అని రాసుకుంది. దాని కింద ఏడు సంతకాలు, నాలుగు వేలిముద్రలు.